దుప్పటి కింద క్లిప్పు

మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం

నా బంగారు పెద్దమ్మాయికి,

దిండు గుండెకు ఆనించుకుని, దాని మీద అట్ట పెట్టుకుని నాన్న రాస్తున్న ఉత్తరం. అక్షరాలు వంకరపోతే అది చేతి తప్పు కాదు, దిండు తప్పు. ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడితే ఆయాసం వస్తోంది. ‘మాటలు తగ్గించు పెద్దాయనా’ అన్నారు డాక్టరుగారు. జన్మంతా ‘టికెట్, టికెట్’ అని అరిచిన నోరు ఊరికే ఉంటుందా? అందుకే ఆ పని చేతికి అప్పజెప్పాను.

నేను పడ్డానని చిన్నది చెప్పే ఉంటుంది. ఎలా పడ్డానో చెప్పి ఉండదు. రిటైరయినా బస్సెక్కితే నాకు సీట్లో ఒళ్లు నిలవదు కదా. కొత్త కండక్టరు వెనక డోరు వేయకుండా దిక్కులు చూస్తున్నాడు. ‘నాయనా, డోరు’ అందామని లేచాను. డ్రైవరు బ్రేకు కొట్టాడు. ముందు సీటు ఇనుప కడ్డీ నన్ను అల్లుడిని కావలించుకున్నట్టు కావలించుకుంది. పక్కటెముకలు విరిగాయి, ఒకటి ఊపిరితిత్తిని పొడిచింది. ఆ చిల్లులోంచి కారిన గాలి రొమ్ములో చేరితే, అది బయటికి పోవడానికి పక్కలో గొట్టం దించి, దాని కొస మంచం కింద నీళ్ల సీసాలో ముంచారు. మొదట్లో ఊపిరి తీస్తే చాలు, సీసాలో బుడబుడమని బుడగలు. ఇప్పుడు ఆగిపోయాయి. చిల్లు పూడిందట!

ఇక అసలు సంతోషం విను. మన అల్లుడు, అదే చిన్నదాని మొగుడు, ఇక్కడే టెంపరరీ ఫిజియో కదా. ఎంత మెత్తటి చెయ్యి తల్లీ అతనిది! ‘గట్టిగా దగ్గాలి మామయ్యగారూ’ అంటాడు, నా మొహం చూస్తాడు, ‘నొప్పిగా ఉంటే వద్దులెండి’ అంటాడు. కన్నకొడుకు కూడా అలా చూడడు. ఛాతీ దెబ్బలవాళ్లకు ఇక్కడ కొత్త వార్డు తెరుస్తున్నారు. పర్మినెంటు పోస్టు ఒక్కటే. దానికి పరీక్ష. ఆ పరీక్ష తయారుచేసింది ఎవరనుకున్నావు? నువ్వే! ఆసుపత్రులకు పరీక్షలు పెట్టే మీ ఆఫీసు పేరు నర్సమ్మ చెప్పగానే ‘అక్కడ పెద్ద నా కూతురే’ అనబోయి నాలిక్కరుచుకున్నాను. నోటితో అడిగే పరీక్ష కాదట, నిజమైన రోగికి వైద్యం చేసి చూపించాలట. రోగిగా ఎవర్ని ఎంచారో చెప్పుకో. మీ నాన్నని! కూతురు పెట్టిన పరీక్ష, అల్లుడు రాసే పరీక్ష, మధ్యలో కాగితం నేను. నాకు నేల మీద కాలు ఆగడం లేదు. అంటే, మంచం మీద.

ఆశీస్సులతో,
నాన్న

———

ఆఫీసు, నా బల్ల దగ్గర

నాన్నా,

మీ ఉత్తరం అందగానే రాస్తున్నాను. ఇది వెంటనే అందాలి.

పరీక్షకు వచ్చేవాళ్లలో మీ అల్లుడు ఉంటే ఆ మంచం మీద మీరు ఉండకూడదు. బంధువుల మీద పరీక్ష జరగకూడదని మేము మొదటి పేజీలోనే రాశాం. వాళ్లకు తెలియకపోతే చెప్పాల్సింది మీరు, అతను. నర్సుకి చెప్పండి, చాలు. వేరే రోగిని చూసుకుంటారు.

ఇంకొకటి. నొప్పి అని దగ్గడం మానకండి. ఎముకలు విరిగినవాళ్లు నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తారు. కఫం లోపలే పేరుకుంటుంది, న్యుమోనియా వస్తుంది. అంతదాకా బతికినవాళ్లు దాంతో పోతారు. నొప్పి మందు వేసుకున్న కాసేపటికి, దిండును దెబ్బ మీద గట్టిగా అదుముకుని దగ్గాలి. ‘వద్దులెండి’ అనేవాడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు, వైద్యం చేయడం లేదు. ఈ మాట అతనికి చెప్పినా సరే.

ఊపిరి కసరత్తుకి మూడు బంతుల పరికరం ఇచ్చారా? బంతులు ఊదకండి, పీల్చండి. మీరు విజిల్ అనుకుని ఊదుతుంటారని నాకు తెలుసు.

మీ పెద్దమ్మాయి

———

చిన్నమ్మాయి ఇల్లు, ముందు గది

పరీక్షల తల్లికి,

గెలిచాం! అల్లుడు గెలిచాడు, పోస్టు మనది, గొట్టం తీసేశారు, ఇంటికి వచ్చేశాను. ఇన్ని సంతోషాలు ఒక్కసారి ఎక్కితే ఈ ముసలి బస్సు మోయగలదా?

నీ ఉత్తరం పరీక్ష అయ్యాక అందింది. అందుకని ఇందులో నా తప్పేం లేదు. అయినా ముందే అందితే మాత్రం నేను చెప్పేవాణ్నా? ఉన్నమాట ఒప్పుకోవాలి, చెప్పేవాణ్ని కాదు.

ఎంత బాగా జరిగిందో విను. మీ ఆఫీసు నుంచి కళ్లద్దాలావిడ వచ్చింది. మనిషి మంచిదే కానీ నవ్వు దాచుకుంటుంది. నా గొట్టానికి ఒక క్లిప్పు పెట్టి బిగించి, పైన దుప్పటి కప్పింది. ‘పెద్దాయనా, మీ ఊపిరితిత్తి మానింది, రేపు గొట్టం తీసేస్తారు, డాక్టరు దగ్గరుండే పెట్టిస్తున్నారు. మీకేం కాదు. కానీ వచ్చినవాళ్లు మిమ్మల్ని లేపే ముందు గొట్టాన్ని చేత్తో తడుముతూ వెళ్లి దీన్ని కనుక్కోవాలి. మీరు నోరెత్తకూడదు. భుజంలోకి లాగే నొప్పి ఉందన్నారుగా, అదీ అడిగితేనే చెప్పాలి’ అంది. ‘అలాగేనమ్మా’ అన్నాను, పిల్లిలా.

మొదట ఒక సన్నటి అమ్మాయి వచ్చింది. అబ్బో, రాక్షసి! సీసా దగ్గర కూర్చుని గొట్టం పట్టుకుని పాము వెంట ముంగిసలా పైకి పాకింది, క్లిప్పు పట్టేసింది. తర్వాత నా చేత దగ్గించింది చూడు, కళ్లమ్మట నీళ్లు. ‘ఇంకొక్కసారి తాతగారూ, ఇంకొక్కసారి’ అంటుంది. తాతగారట! భుజం నొప్పి మాత్రం కాస్త ఆలస్యంగా అడిగింది. తర్వాత వచ్చిన లావాటి అబ్బాయి క్లిప్పు సంగతే మరిచి నన్ను లేపబోయాడు. కళ్లద్దాలావిడ ‘చాలు’ అంది.

ఆ తర్వాత మనవాడు. మధ్యలో బాత్రూముకని వెళ్లి గుమ్మం దగ్గర చెవిలో ఊదేశాను. ‘మామయ్యా అని పిలిచావో చస్తావు, పెద్దాయనా అను. భుజం అడుగు. క్లిప్పుంది’ అని. ఎక్కడుందో చెప్పేలోపు నర్సమ్మ వచ్చింది. మంచమెక్కాక అల్లుడు దుప్పటి కేసి బిక్కమొహం వేసి చూస్తున్నాడు. కన్ను కొట్టి, కాలి బొటనవేలితో దుప్పటి కింద చూపించాను. చటుక్కున పట్టేశాడు! భుజం అడిగాడు! ‘అందరికంటే త్వరగా చూశారు’ అని కళ్లద్దాలావిడే అంది. అప్పుడు నవ్వింది కూడా.

పోస్టు కాగితం చూసి చిన్నది ఏడ్చింది. నిండు నెలలు కదా, దేనికైనా ఏడుస్తోంది. నువ్వూ సంతోషించు తల్లీ.

నాన్న

———

ఆఫీసు, అందరూ వెళ్లిపోయాక

నాన్నా,

సంతోషించలేకపోయాను.

ఆ క్లిప్పు దాగుడుమూతల ఆట కాదు. మంచం మార్చేటప్పుడో ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడో సీసాను పైకెత్తాల్సి వస్తే, నీళ్లు వెనక్కి పోతాయని కొందరు గొట్టానికి క్లిప్పు పెడతారు. తర్వాత తీయడం మరిచిపోతారు. పైన దుప్పటి ఉంటుంది, ఎవరికీ కనిపించదు. చిల్లు మానని రోగికైతే గాలి బయటికి దారి లేక రొమ్ములోనే నిండుతుంది. ఊపిరితిత్తిని నలిపి, గుండెను పక్కకి నెడుతుంది. మనిషి మన ముందే పోతాడు. నేను పనిచేసిన చోట ఒకామె అలా పోయింది. అందుకే ఆ పరీక్ష పెట్టాను. మంచం దగ్గరికి వచ్చినవాడి చెయ్యి అడక్కుండానే గొట్టం మీదికి వెళ్లాలి. అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు వెళ్లాలి. అతని చెయ్యి వెళ్లలేదు, మీ బొటనవేలు వెళ్లింది.

మావయ్య టికెట్ తీసుకోలేదని ఎండలో నడిరోడ్డు మీద దింపేశారు మీరు. అమ్మ తమ్ముణ్ని. అమ్మ ఎన్నాళ్లు మాట్లాడలేదో గుర్తుందా? ‘బస్సు నాది కాదు’ అన్నారు. చిన్నప్పుడు ఆ మాట బళ్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని. ఆ మంచం కూడా మీది కాదు నాన్నా.

మీరు రాక్షసి అన్న ఆ సన్నటి అమ్మాయి న్యాయంగా నెగ్గింది. ఆమె పోస్టు మీ అల్లుడి జేబులో ఉంది.

పరీక్ష మళ్లీ జరిపించమని చెబుతాను. ముందు మీకు చెబుతున్నాను, అంతే.

పెద్దమ్మాయి

———

చిన్నమ్మాయి ఇల్లు, ముందు గది

పెద్ద ఆఫీసరమ్మకు,

అతుక్కుంటున్న ఎముకలు నీ ఉత్తరం చదివి మళ్లీ విరిగాయి.

ఒక్క బొటనవేలు! దానికి ఇంత రామాయణమా? కాస్త తడబడ్డాడు, కాస్త అందించాను. బళ్లో నీకు ఎక్కాలు రాకపోతే పక్కన కూర్చుని అందించలేదా? అల్లుడు మూర్ఖుడు కాదు. ఇప్పుడు తెలుసుకున్నాడు కదా, ఇక మరిచిపోతాడా? నువ్వన్నట్టు మావయ్యను దింపేశాను. దింపి ఏం బావుకున్నాను? మీ అమ్మ పోయేదాకా ఆ మాట ఎత్తి పొడుస్తూనే ఉంది. ఒక్కసారి, జన్మకొక్కసారి, నా వాళ్ల కోసం డోరు తీశాను. దానికి కన్నకూతురే చెకింగ్ ఇన్‌స్పెక్టరై ఎక్కింది.

చిన్నదానికి నిండు నెలలు. రక్తపోటు ఎక్కువగా ఉంది, కంగారు పెట్టొద్దన్నారు. ఇప్పుడు మొగుడి ఉద్యోగం ఊడిందని, అదీ అక్క ఊడగొట్టిందని తెలిస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు, నీకు వైద్యం తెలుసు కదా. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు నిక్కచ్చి, అది మెతక. నీకు న్యాయం కావాలి, దానికి నువ్వు కావాలి.

పురుడయ్యేదాకా ఆగు. నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. తర్వాత నీ ఇష్టం, నన్ను కూడా దింపెయ్.

నాన్న

———

నా గది

నాన్నా,

ఆగుతాను. తప్పని తెలిసే ఆగుతున్నాను.

పురుడవగానే చెబుతాను. అప్పటిదాకా ఒక షరతు. గొట్టం ఉన్న రోగిని అతను ఒంటరిగా లేపకూడదు, పక్కన ఇంకో ఫిజియోనో నర్సో ఉండాలి. ఏ మంచం దగ్గరికి వెళ్లినా ముందు సీసా నుంచి రొమ్ము దాకా గొట్టం తడమాలి. ఈ రెండు మాటలూ నా మాటలుగా అతనికి చెప్పండి. నేను ఫోన్ చేస్తే చెల్లి ఎత్తుతోంది, దాని ముందు మాట్లాడలేను. చెప్పానని నాకు రాయండి.

పెద్దమ్మాయి

———

ఆసుపత్రి, కాన్పుల వార్డు వరండా

పెద్దమ్మ అయినదానికి,

ఆడపిల్ల! మనకి ఆడపిల్ల! తల్లీ బిడ్డా బంగారంలా ఉన్నారు. పిడికెడంత మనిషి, ఏడిస్తే డిపోలో బస్సులన్నీ హారన్ కొట్టినట్టుంది. ఆ ఊపిరి చూస్తే నా ఊపిరి సిగ్గుపడింది. ముక్కు అచ్చం నీదే. ‘అక్కలా నిక్కచ్చిగా ఉంటుందేమో’ అని చిన్నది నవ్వింది. దానికింకా ఏమీ తెలియదు పాపం. అల్లుడు బిడ్డను ఎత్తుకోవడానికి భయపడుతుంటే, ‘పట్టుకోవయ్యా, విరిగిన ఎముకలు పట్టేవాడివి, విరగనివి పట్టలేవా’ అన్నాను. వార్డంతా నవ్వారు. నేను చూసిన నర్సుకల్లా, ఆయాకల్లా చెబుతున్నాను. లిఫ్టువాడికి రెండుసార్లు చెప్పానట. ఈ వయసులో ఇంత సంతోషం పెట్టుకోవడానికి ఒంట్లో చోటు లేదమ్మా.

ఇంకొక సంగతి. నా బస్సు తోలిన డ్రైవర్ బాబాయ్‌కి దెబ్బ తగిలింది. కంగారుపడకు. రిటైరై కూడా సరుకుల వ్యాను తోలుతున్నాడు కదా, ఎవడో అడ్డం వస్తే కల్వర్టుకి గుద్దాడు. స్టీరింగు రొమ్ముకి తగిలింది. కొత్త వార్డు ఇంకా తెరవలేదుగా, మన వార్డులోనే చేర్చారు, నేను పడుకున్న మంచానికి ఎదురు మంచం. ‘ఏరా కండక్టరూ, నువ్వు దిగిన స్టాపులో నేనూ దిగాను’ అన్నాడు నన్ను చూడగానే. నవ్వితే నొప్పని, నవ్వించొద్దని తిట్టాడు.

మీ పిన్ని భయపడిపోతోంది. ‘మా అల్లుడున్నాడు చెల్లెమ్మా, పరీక్షలో ఫస్టు వచ్చినవాడు’ అని ధైర్యం చెప్పాను. డ్రైవర్‌ని అల్లుడి చేతిలోనే పెట్టమని నేనే వెళ్లి నర్సమ్మతో అన్నాను. ఇరవై ఏళ్లు నేను బెల్లు కొడితే కదిలిన మనిషి, ఇప్పుడు మా ఇంటివాడి చేతిలో లేచి నడిస్తే అంతకంటే ఏం కావాలి?

నీ షరతు సంగతి అల్లుడితో మాట్లాడతాను. ఈ హడావిడి తగ్గనీ.

తాతగారు (ఈసారి సంతోషంగా)

———

బస్‌స్టాండు, బల్ల మీద

నాన్నా,

ఇంకా చెప్పలేదా?

బాబాయ్‌కి గొట్టం ఉందా? సీసాలో బుడగలు వస్తున్నాయా? ఈ ఉత్తరం అందగానే వార్డుకి వెళ్లి మీ చేత్తో ఆ గొట్టం తడమండి. పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను, మీరు ఎత్తడం లేదు, వార్డులోనూ ఎవరూ ఎత్తడం లేదు. వేరే ఊరి ఆసుపత్రికి పరీక్ష పెట్టడానికి వెళ్తున్నాను. అక్కడి నుంచే పైవాళ్లకి చెప్పేస్తాను. ఇక ఆగను.

పెద్దమ్మాయి

———

చిన్నమ్మాయి ఇల్లు, ముందు గది

పెద్దమ్మాయికి,

డ్రైవర్ బాబాయ్ పోయాడు.

నీ ఉత్తరం వచ్చేసరికే అంతా అయిపోయింది. ఎక్స్‌రేకి తీసుకెళ్లి తెచ్చారు. మధ్యాహ్నం లేపి నాలుగడుగులు వేయిస్తుంటే కూలబడ్డాడు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు, రొమ్ము మీద అదిమారు. లాభం లేకపోయింది. గుండె ఆగిందని రాశారు. స్టీరింగు దెబ్బ గుండెకి కూడా తగిలి ఉంటుందట. ఆయుష్షు అంతే.

అల్లుడు చాలా కష్టపడ్డాడు. చెమటలు కారిపోయాయి. మీ పిన్ని అతని రెండు చేతులూ పట్టుకుని ‘మీరు ఆఖరిదాకా వదలలేదు బాబూ’ అని కళ్లకద్దుకుంది. అతను చేతులు వెనక్కి లాక్కోలేదు.

పాప బాగుంది. పాలు తాగుతోంది. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నాన్న

———

వేరే ఊరు, అతిథి గది

నాన్నా,

పరీక్ష చెల్లదని చెప్పేశాను. ‘ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?’ అని అడిగారు. మా చెల్లి పురుడు అన్నాను. పరీక్షల పని నుంచి నేనే తప్పుకున్నాను, తప్పించకముందే. డ్రైవర్ బాబాయ్ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టనిచ్చేవాడు. ఆయన ప్రాణానికి నేను గడువిచ్చాను. ఈ మాట మీ మీద వేయడానికి రాయడం లేదు, నా వాటా నేను తీసుకుంటున్నాను.

కానీ మీ ఉత్తరంలో ఏదో లేదు. మీరు ఒక మాటకి పది రాసే మనిషి. లిఫ్టువాడి గురించి కూడా రాస్తారు. బాబాయ్ చావుకి అన్నేనా మీ దగ్గర మాటలు? ఆ మధ్యాహ్నం మీరు అక్కడ లేరా? ఉంటే బాబాయ్ ఏమన్నాడు? ఎక్స్‌రే నుంచి వచ్చాక గొట్టాన్ని ఎవరైనా ముట్టుకున్నారా? కూలబడ్డాక దుప్పటి తీసింది ఎవరు?

అడిగితేనే చెప్పాలని మీకు నేర్పింది నా పరీక్షే. అందుకే అడుగుతున్నాను.

పెద్దమ్మాయి

———

పెద్ద డాక్టరుగారి గది బయట, బల్ల మీద

తల్లీ,

నేను అక్కడే ఉన్నాను.

ఎక్స్‌రే నుంచి తెచ్చి పడుకోబెట్టి, దుప్పటి కప్పి వెళ్లిపోయారు. నేను పాప ముచ్చట్లు చెబుతున్నాను. డ్రైవర్ వింటున్నాడు కానీ నవ్వడం లేదు. ‘ఏరా, నీకు కుళ్లా’ అన్నాను. ‘అది కాదురా, గాలి చాలట్లేదు’ అన్నాడు. అంతలో అల్లుడు వచ్చి సీసా కేసి చూశాడు. పొద్దున్న ఉడుకుతున్నట్టు వచ్చిన బుడగలు ఒక్కటీ లేవు. ‘మామయ్యగారూ, చూడండి, బుడగలు ఆగిపోయాయి. మానిపోయింది!’ అన్నాడు. ఎంత సంతోషమో ఇద్దరికీ! నాకూ అలాగే ఆగాయి కదా, మర్నాడు గొట్టం తీశారు కదా. నేను చప్పట్లు కొట్టాను. డ్రైవర్ చావుకి చప్పట్లు కొట్టాను.

గొట్టం ఎవరూ ముట్టుకోలేదు. అతను ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. నీ మాటలు నేను అతనికి చెప్పలేదు. చెబితే పరీక్ష సంగతి కదుపుతావని తెలిసిపోతుందనీ, పురిటింట్లో గొడవెందుకనీ దాచాను. పక్కన ఇంకెవరూ లేరు. నేనున్నాను కదా, చాలనుకున్నాను.

‘లేవండి, నాలుగడుగులు వేస్తే ఆయాసం తగ్గుతుంది’ అన్నాడు అల్లుడు. డ్రైవర్ లేవలేదు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, పెదాలు నల్లగా ఉన్నాయి. అతని కేసి కాదు, నా కేసి చూశాడు. బస్సు స్టాపులో అద్దంలోంచి చూసేవాడే, కదలనా అని, అలా. నేను మంచం కడ్డీ మీద రెండుసార్లు కొట్టి, ‘రైట్ రైట్’ అన్నాను.

లేచాడు తల్లీ. ఇరవై ఏళ్లలో నేను రైట్ అన్నాక వాడు ఆగింది లేదు.

నాలుగడుగులు కూడా వేయలేదు. పడ్డప్పుడు దుప్పటి జారింది. క్లిప్పు కనిపించింది, తెల్లటిది, అచ్చం నాకు పెట్టినదాని లాంటిదే. అల్లుడు దాన్ని ఊడదీశాడు. సీసాలో బుడగలు భగ్గున లేచాయి. అప్పటికి డాక్టర్లు గుమ్మంలో ఉన్నారు. అతను క్లిప్పు జేబులో వేసుకుని నా కళ్లలోకి చూశాడు. ఆ రోజు నేను కన్ను కొట్టాను. ఈసారి అతనికి ఆ అవసరం కూడా లేకపోయింది. నేనే తల దించుకున్నాను. ఎవరూ నన్ను అడగలేదు. అడిగితేనే కదా చెప్పాలి అని నాకు నేను చెప్పుకున్నాను.

నిన్న మీ పిన్ని దగ్గరికి వెళ్లాను. ‘అన్నయ్యగారూ, ఆఖర్న ఏమన్నా అన్నారా?’ అని అడిగింది. ఆమె అడిగింది, నువ్వూ అడిగావు. చెప్పేశాను. క్లిప్పు చెప్పాను, బొటనవేలు చెప్పాను, రైట్ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. నా ముందున్న మంచినీళ్ల గ్లాసు తీసుకుంది. నేనింకా తాగలేదు. లోపలికి వెళ్లి తొట్లో పారబోసిన చప్పుడు వినిపించింది. మళ్లీ బయటికి రాలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి అల్లుడికి చెప్పాను, పొద్దున్న పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నానని. ‘మీ కోసం ఎన్ని చేశాను మామయ్యగారూ’ అన్నాడు. నిజమే, చేశాడు. నన్ను ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు. చిన్నది నా చేతుల్లో ఉన్న పాపను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. పొద్దున్న ఏడుపు వినిపించింది కానీ, పాపను చూపించలేదు. డిపోలో బస్సులన్నీ హారన్ కొట్టినట్టే ఉంది ఆ ఏడుపు. మంచి ఊపిరి.

అందుకని ఇక్కడ కూర్చున్నాను. గుమాస్తా వచ్చి ‘ఎవరు పిలిచారు పెద్దాయనా?’ అన్నాడు. ఎవరూ పిలవలేదన్నాను. ‘ఏం పని?’ అన్నాడు. డాక్టరుగారితోనే చెబుతానన్నాను. ఎదురుగా సన్నటి అమ్మాయి ఒకతె ఫైలు పట్టుకుని కూర్చుని ఉంది, మళ్లీ పరీక్షకు పిలిచారట. నన్ను గుర్తుపట్టి, ‘తాతగారూ, బాగా దగ్గుతున్నారా?’ అని అడిగింది. ఎవరూ అడగని మాట. దగ్గి చూపించాను. ‘ఇంకొక్కసారి’ అంది. నొప్పి పుట్టింది, కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. నొప్పి వల్లే అనుకుంది పాపం.

తలుపు తీశారు. వెళ్తున్నాను.

నాన్న